జాన్స్ జాకబ్ బెర్జీలియస్

జాన్స్ జాకబ్ బెర్జీలియస్ (ఆగష్టు 20, 1779 - ఆగష్టు 7, 1848) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. సెలీనియం, థోరియం మూలకాలను కనుగొన్నాడు. సీరియం మూలకాన్ని కనుగొన్నవారిలో ఒకడు. మూలకాలను వాటి లాటిను పేర్లలోని ఒకటి రెండు అక్షరాలతో సూచించే పద్ధతి ఈయన ప్రవేశపెట్టినదే. పరమాణు భారాలను నమ్మదగిన కచ్చితత్వంతో లెక్కగట్టిన తొలి శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. 1817లో ఒక ఆమ్ల కర్మాగారపు మడ్డిలో ఈయన పట్టుకొన్న సెలీనియం చాలాకాలం విషపదార్థంగానే పేరు మోసింది. 1957 తరువాత అదే సెలీనియం జంతువులకూ, మానవులకూ అత్యవసరమైన పోషకమని తేలింది.

బాల్యం, విద్యాభ్యాసం

బెర్జీలియస్ స్వీడన్ లోని ఓస్టర్‌యోట్లాండ్ ప్రాంతంలో వేవర్సుండా అనే పల్లెలో జన్మించాడు. తండ్రి సామ్యూల్ ఉపాధ్యాయుడు. బెర్జీలియస్ నాలుగేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి మరణించాడు. తల్లి ఎలిజబెత్ ఒక మతాచార్యుని పునర్వివాహం చేసుకొన్నది గాని, కుమారునికి పదేళ్ళు నిండకముందే ఆమె కూడా కన్నుమూసింది. ఆ తరువాత కొంతకాలం సవతి తండ్రి వద్ద, కొంతకాలం మేనమామ ఇంట పెరిగాడు. మేనమామ ఇంటిలో ఇమడలేక, చదువుకొనే రోజులలోనే ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి తన ఖర్చులు తాను సంపాదించుకొన్నాడు.

1796లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. టాంటలం మూలకాన్ని కనుగొన్న ఎకెబెర్గ్ అక్కడ ఈయనకు రసాయనశాస్త్రం నేర్పాడు. 1800లో మెదెవి అనే ఊరిలోని ఔషధ జలాలను విశ్లేషించాడు. అదే సంవత్సరం ఇటలీలో వోల్టా విద్యుద్ఘటాన్ని ప్రకటించగా, బెర్జీలియస్ అటువంటి దానిని తానే తయారుచేసి రోగులపై విద్యుత్తు ప్రభావాన్ని పరిశీలించి, ఆ విషయం పైననే 1802లో వైద్య పట్టానికి వ్యాసం సమర్పించాడు. చికిత్సగా విద్యుత్తు వలన పెద్ద ప్రయోజనం కనిపించలేదు. అయితే విద్యుత్తుకూ రసాయన చర్యలకూ ఉన్న సంబంధం మాత్రం ఈయన మనసులో జీవితాంతం నిలిచిపోయింది.

స్టాక్‌హోంలో ఉద్యోగం

పట్టం పొందిన తరువాత స్టాక్‌హోంలో వైద్య ఆచార్యునికి సహాయకుడుగానూ, బీదల వైద్యుడుగానూ పనిచేశాడు. గనుల యజమాని అయిన విల్హెల్మ్ హిసింగెర్ ఇంట బస దొరికింది. ఇద్దరూ కలిసి లవణ ద్రావణాలలోనికి విద్యుత్తు పంపి, అవి రెండు ధ్రువాల వద్దకు విడిపోతాయని 1803లో ప్రకటించారు. అదే సంవత్సరం బాస్ట్‌నేస్ గని నుండి వచ్చిన ఒక బరువైన రాతిలో సీరియం అనే కొత్త మూలకపు ఉనికిని కనుగొన్నారు. జర్మనీలో క్లాప్రోత్ కూడా విడిగా ఇదే సంగతి కనిపెట్టాడు.

1807లో వైద్య, ఔషధ శాస్త్రాల ఆచార్య పదవి లభించింది. ఈయన పనిచేసిన వైద్య విద్యాలయమే 1810 తరువాత కరోలిన్‌స్కా సంస్థగా రూపొందింది. 1808లో స్వీడిష్ రాజ విజ్ఞాన పరిషత్తులో సభ్యుడై, 1818 నుండి మరణించేవరకు దానికి కార్యదర్శిగా ఉన్నాడు. డబ్బు వ్యవహారాలు మాత్రం అచ్చిరాలేదు. ఔషధ జలాల వ్యాపారంలో, వెనిగర్ తయారీలో పెట్టిన పెట్టుబడి మునిగిపోగా, ఆ అప్పులు తీర్చడానికి ఏళ్ళు పట్టింది.

ఈయన ప్రయోగశాల ఇప్పటి ప్రయోగశాలల వంటిది కాదు. వంటయింటి పక్క గదులే ప్రయోగశాల. వంట చేసే పొయ్యి దగ్గరలోనే రసాయనాలు కాచే ఇసుక మూకుడు ఉండేది. ఇంటి పనులు చూసే అన్నా సుండ్‌స్ట్రోమ్ గాజు పాత్రలు కడగడంతో మొదలుపెట్టి క్రమంగా ప్రయోగాలలో చేయి తిరిగిన సహాయకురాలయింది. సుమారు మూడు దశాబ్దాలు ఆ ప్రయోగశాలను నడిపిన ఆమె పేరు రసాయనశాస్త్ర చరిత్రలలో అరుదుగా కనిపించడం విచారకరం.

సెలీనియం ఆవిష్కరణ

స్టాక్‌హోంకు పడమరగా, మేలారెన్ సరస్సు ఒడ్డున ఉన్న గ్రిప్స్‌హోంలో ఒక గంధకికామ్ల కర్మాగారం ఉండేది. బెర్జీలియస్, వృద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు యోహాన్ గాట్లీబ్ గాన్ మొదలైనవారు దానిలో భాగస్వాములు. గంధకాన్ని మండించగా వచ్చే వాయువును సీసపు రేకులతో కట్టిన గదులలో ఆమ్లంగా మార్చడం ఆనాటి పద్ధతి. ఫాలున్ రాగి గనిలో దొరికే ఇనుప గంధకపు రాయి నుండి తీసిన గంధకాన్ని వాడినప్పుడల్లా గది అడుగున ఎర్రని మడ్డి పేరుకొనేది. అందులో పాషాణం (ఆర్సెనిక్) ఉందన్న అనుమానంతో ఫాలున్ గంధకాన్ని వాడడం అంతకు ముందు మానివేశారు.

1817లో బెర్జీలియస్, గాన్ ఈ మడ్డిని పరీక్షకు తీసుకొన్నారు. ఊదుగొట్టపు మంటలో కాల్చినప్పుడు ముల్లంగి వాసన వచ్చింది. టెలూరియం అనే మూలకం కాలినప్పుడు ముల్లంగి వాసన వేస్తుందని క్లాప్రోత్ లోగడ వ్రాసి ఉన్నాడు. కనుక ఇది టెలూరియమేనని ఇద్దరూ తలచారు. లండనులో ఉన్న తన మిత్రుడు మార్సెట్‌కు బెర్జీలియస్ ఆ సంగతి ఉత్తరం కూడా వ్రాశాడు. అయితే ఫాలున్ ఖనిజాలలో ఎక్కడా టెలూరియం జాడ లేకపోవడం ఈయనను వేధించింది. కొన్ని నెలల తరువాత స్టాక్‌హోంలో మరల పరీక్షలు మొదలుపెట్టాడు. శుద్ధి చేసిన టెలూరియంను కాల్చి చూడగా అసలు ముల్లంగి వాసనే రాలేదు. అంటే క్లాప్రోత్ ముక్కుకు తగిలిన వాసన టెలూరియంలో కలిసి ఉన్న మరొక పదార్థానిది. 1818 ఆరంభానికి అది గంధకానికీ టెలూరియంకూ నడుమ గుణాలు గల కొత్త మూలకమని నిశ్చయమయింది. టెలూరియం పేరు లాటినులో భూమిని తెలిపే మాట నుండి వచ్చింది. దాని తోబుట్టువు వంటి ఈ మూలకానికి గ్రీకు భాషలో చంద్రుని పేరైన సెలీనీ నుండి సెలీనియం అని నామకరణం చేశాడు.

ఈ మూలకపు విషస్వభావాన్ని మొదట రుచి చూసినవాడూ బెర్జీలియసే. గంధకం ఉదజనితో కలిసినప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన గల వాయువు పుడుతుంది. సెలీనియం కూడా అటువంటి వాయువునే ఇస్తుందని గ్రహించి, దానిని వాసన చూశాడు. అతి స్వల్పమైన మోతాదుకే కళ్ళు ఎర్రబడి, గంటల తరబడి వాసన తెలియకుండా పోయి, ఆపైన తీవ్రమైన జలుబు పట్టుకొంది. హైడ్రొజన్ సెలినైడ్ అనే ఈ వాయువు హైడ్రొజన్ సల్ఫైడ్ కంటె ప్రమాదకరమైనదని ఇప్పుడు తెలుసు.

గంధకానికీ సెలీనియంకూ ఉన్న ఈ పోలికే తరువాతి కథకంతటికీ మూలం. మొక్కలు నేలలోని గంధకాన్ని పీల్చుకొనే దారిలోనే సెలీనియంను కూడా పీల్చుకొంటాయి. నేలలో ఎంత ఉంటే ధాన్యంలోనూ, ఆ ధాన్యం తిన్న మనిషిలోనూ దాదాపు అంతకు తగ్గట్టే ఉంటుంది.

పరమాణు భారాలు, సంకేతాలు

బెర్జీలియస్‌కు సమకాలికులలో ఎక్కువ పేరు తెచ్చిపెట్టినది తూకం. డాల్టన్ పరమాణు సిద్ధాంతం నిజమైతే ప్రతి సమ్మేళనంలోనూ మూలకాలు నియత నిష్పత్తిలో ఉండాలి. దీనిని నిరూపించడానికి ఈయన ఏళ్ళ తరబడి సుమారు రెండువేల సమ్మేళనాలను విశ్లేషించాడు. పరమాణు భారాల పట్టికలను 1814, 1818, 1826లలో ప్రచురించాడు. చివరి పట్టికలోని అంకెలు చాలావరకు నేటి విలువలకు దగ్గరగా ఉన్నాయి. అవసరమైన గాజు సామగ్రిని కొంత తానే ఊది తయారుచేసుకోవలసి వచ్చిన రోజులలో ఇది సామాన్యమైన పని కాదు.

డాల్టన్ మూలకాలను వలయాలు, చుక్కలు, గీతలతో సూచించేవాడు. అచ్చువేయడానికి అవి వీలుగా ఉండేవి కావు. 1813లో బెర్జీలియస్ అక్షర సంకేతాలను ప్రతిపాదించాడు. పరమాణువుల సంఖ్యను అక్షరం పైభాగాన వేయడం ఈయన పద్ధతి. దానిని కిందికి దించడం తరువాతివారు చేసిన మార్పు. ఈ మార్పుతో అవే సంకేతాలు నేటికీ బడిపిల్లల పాఠాలలో ఉన్నాయి.

1824లో సిలికానును వేరుచేశాడు. నార్వే నుండి వచ్చిన ఒక నల్లని ఖనిజంలో థోరియంను కనుగొని 1829లో ప్రకటించాడు. ఈయన ప్రయోగశాలలోనే శిష్యుడు ఆర్ఫ్‌వెడ్‌సన్ 1817లో లిథియంను కనుగొన్నాడు. సెఫ్‌స్ట్రోమ్ (వనేడియం), మొసాండర్ (లాంథనం), జర్మనీ నుండి వచ్చిన వోలర్, మిట్షెర్లిష్ మొదలైనవారు కూడా ఈయన శిష్యులే.

జీవ రసాయన కృషి

బెర్జీలియస్ వృత్తిరీత్యా వైద్యుడు కావడం వలన దేహంలోని పదార్థాల మీద మొదటినుండి ఆసక్తి చూపాడు. జంతు రసాయనశాస్త్రం పై రెండు సంపుటాల గ్రంథం 1806-1808 మధ్య వెలువడింది. రక్తం, పిత్తరసం, ఎముక, పాలు మున్నగువాటిని విశ్లేషించాడు. కండరంలో లాక్టిక్ ఆమ్లం ఉందని చూపాడు.

కొత్త భావాలకు పేర్లు పెట్టడంలో ఈయన దిట్ట. ఒకే సంఘటనం గలిగి వేర్వేరు గుణాలు చూపే పదార్థాలకు ఐసోమర్లు అని పేరు పెట్టాడు. తాను మార్పు చెందకుండా రసాయన చర్యను వేగిరపరచే పదార్థపు ప్రభావాన్ని 1835లో కెటాలిసిస్ (ఉత్ప్రేరణ) అన్నాడు. జీవుల దేహాలలో ఇటువంటి చర్యలు వేల సంఖ్యలో జరుగుతూ ఉండవచ్చునని అప్పుడే ఊహించాడు. 1838లో డచ్చి శాస్త్రజ్ఞుడు ముల్డర్‌కు వ్రాసిన ఉత్తరంలో ప్రోటీన్ అనే మాటను సూచించాడు. తెలుగులో మాంసకృత్తులు అంటున్నవి ఇవే. సెలీనియం, ఉత్ప్రేరణ, ప్రోటీన్ అనే ఈ మూడూ ఒకనాడు ఒకే అణువులో కలుసుకొంటాయని ఊహించే అవకాశం ఆ కాలంలో ఎవరికీ లేదు.

వివాదాలు, చివరి రోజులు

1820ల నుండి మరణించేవరకు ప్రపంచంలో జరిగిన రసాయన పరిశోధనలన్నిటినీ సమీక్షిస్తూ ఏటేటా ఒక నివేదిక వెలువరించాడు. ఆ నివేదికలో మెప్పు పొందడం యువ శాస్త్రజ్ఞులకు గొప్ప గౌరవం, మందలింపు పొందడం పెద్ద దెబ్బ. ప్రతి సమ్మేళనం ధన, ఋణ విద్యుద్భాగాల కలయిక అనే తన ద్వంద్వ సిద్ధాంతాన్ని ఈయన గట్టిగా పట్టుకొన్నాడు. లవణాల విషయంలో బాగా పనిచేసిన ఆ సిద్ధాంతం కర్బన పదార్థాలకు పొసగలేదు. ఫ్రాన్సులో డ్యూమా మొదలైనవారు ఒక సమ్మేళనంలోని ఉదజని స్థానంలో క్లోరిన్‌ను నిలిపి చూపినప్పుడు కూడా బెర్జీలియస్ ఒప్పుకోలేదు. ఒకప్పుడు ఆప్తుడైన లీబిష్‌తోనూ స్నేహం చెడింది. ఒక వాసన విషయంలో తన అభిప్రాయాన్ని నెలల వ్యవధిలో మార్చుకొన్న మనిషే సిద్ధాంతం విషయంలో ఏళ్ళ తరబడి పట్టు విడవలేకపోయాడు.

1835లో, 56వ ఏట, తనకంటె ముప్పై ఏళ్ళకు పైగా చిన్నదైన ఎలిజబెత్ పాపియస్‌ను వివాహమాడాడు. పెళ్ళినాడు స్వీడన్ రాజు కార్ల్ యోహాన్ ఈయనకు బారన్ బిరుదు ప్రకటించాడు. వారికి సంతానం లేదు. 1836లో లండను రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో సత్కరించింది. ఆగష్టు 7, 1848న స్టాక్‌హోంలో మరణించాడు. సమాధి నగరం పక్కన ఉన్న సోల్నా చర్చి ఆవరణలో ఉంది.

సెలీనియం - విషం నుండి పోషకం వరకు

బెర్జీలియస్ తరువాత సెలీనియంకు మొదట పని దొరికినది విద్యుత్ రంగంలో. వెలుతురు పడినప్పుడు దాని విద్యుద్వాహకత పెరుగుతుందని 1873లో తెలిసింది. ఆరోగ్యం విషయంలో మాత్రం దానికి చెడ్డపేరే వచ్చింది. అమెరికాలోని దక్షిణ డకోటా, వయోమింగ్ పచ్చికబయళ్ళలో పశువులకు జుట్టు రాలి, గిట్టలు ఊడిపోయే జబ్బు ఉండేది. నేలలోని సెలీనియంను పోగుచేసుకొన్న మేతే దీనికి కారణమని 1930లలో తేలింది. 1943లో ఎలుకలపై జరిపిన ఒక పరిశోధన సెలీనియం కాలేయంలో కంతులు పుట్టిస్తుందని చెప్పడంతో అది క్యాన్సరు కారకాల జాబితాలోకి కూడా ఎక్కింది.

ఈ నేపథ్యంలో 1957లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ చేసిన ప్రకటన ఆశ్చర్యం కలిగించింది. టొరులా అనే ఒక రకం ఈస్టు మీద పెంచిన ఎలుకల కాలేయం కుళ్ళి అవి చనిపోయేవి. వాటిని కాపాడే అజ్ఞాత పదార్థానికి ష్వార్జ్ మూడవ కారకం అని పేరు పెట్టుకొని వెదకగా, అందులోని క్రియాశీల అంశం సెలీనియమని తేలింది. మరుసటి సంవత్సరమే అమెరికాలోని ఆరెగాన్‌లో గొర్రెపిల్లల కండరాలు తెల్లబారే జబ్బు సెలీనియంతో నయమవుతుందని కనుగొన్నారు.

మనుషుల విషయంలో సాక్ష్యం చైనా నుండి వచ్చింది. ఆ దేశపు ఈశాన్యాన హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కెషాన్ తాలూకాలో 1935లో గుండె కండరం దెబ్బతినే జబ్బు ఒకటి ప్రబలింది. చిన్నపిల్లలు, ప్రసవ వయసులోని స్త్రీలు దీనికి ఎక్కువగా బలి అయ్యేవారు. ఊరి పేరుతోనే అది కెషాన్ వ్యాధి అయింది. ఈశాన్యం నుండి నైరుతి దాకా ఒక పట్టీలాగా వ్యాపించిన ఆ ప్రాంతపు నేలలలో సెలీనియం అత్యల్పం; అక్కడి పల్లెవాసులు తినేది ఆ నేలలో పండిన ధాన్యమే. నైరుతిన ఉన్న సిచువాన్ రాష్ట్రంలోని మియాన్‌నింగ్ తాలూకాలో 1974లో ఒకటి నుండి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు 4,510 మందికి వారానికొకసారి సోడియం సెలినైట్ మాత్ర ఇచ్చారు. వయసును బట్టి మోతాదు అర లేక ఒక మిల్లీగ్రాము. ఆ సంవత్సరం వారిలో 10 మందికి జబ్బు రాగా, ఉత్త మాత్రలు పొందిన 3,985 మందిలో 54 మందికి వచ్చింది. రెండవ ఏడు కూడా ఇదే తీరు కనిపించడంతో 1976లో పోలిక కోసం ఉంచిన జట్టును రద్దుచేసి పిల్లలందరికీ సెలీనియం ఇచ్చారు. ఈ ఫలితాలు 1979లో ప్రచురితమయ్యాయి. జబ్బుకు సెలీనియం లోపం ఒక్కటే కారణం కాదనీ, కాక్సాకీ జాతి వైరసు పాత్ర కూడా ఉన్నదనీ తరువాతి పరిశోధనలు సూచించాయి. లోపం ఉన్న దేహంలో వైరసు మరింత హానికరంగా మారుతుంది.

సెలీనియం దేహంలో చేసే పని 1973లో బయటపడింది. జీవకణాలలో పుట్టే హైడ్రొజన్ పెరాక్సైడు వంటి హానికర పదార్థాలను విరిచివేసే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో సెలీనియం ఉందని ఆ ఏడు నిరూపించారు. ఎంజైము అంటే ఉత్ప్రేరకంగా పనిచేసే ప్రోటీనే. ఆ విధంగా బెర్జీలియస్ పెట్టిన పేర్లు మూడూ ఒకచోట చేరాయి. ప్రోటీనులో సెలీనియం ఉండే రూపం సెలీనోసిస్టిన్ అనే ఎమైనో ఆమ్లం. సిస్టిన్ అనే ఎమైనో ఆమ్లంలో గంధకం ఉండే చోట ఇందులో సెలీనియం ఉంటుంది. దీనిని 21వ ఎమైనో ఆమ్లంగా లెక్కిస్తారు. మానవ జన్యువులలో సెలీనియం ప్రోటీనులను నిర్దేశించేవి 25 ఉన్నాయి. థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోనును చురుకైన రూపంలోకి మార్చే ఎంజైములు కూడా వీటిలోనివే. అందుచేత అయోడిన్‌తో పాటు సెలీనియం కూడా థైరాయిడ్ పనికి అవసరం.

కావలసిన మోతాదు బహు తక్కువ. అమెరికాలో పెద్దలకు రోజుకు 55 మైక్రోగ్రాములు సిఫారసు చేస్తారు. గర్భవతులకు 60, పాలిచ్చే తల్లులకు 70. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించినది 40 మైక్రోగ్రాములు. చేపలు, మాంసం, గుడ్లు, గోధుమలు, పప్పుధాన్యాల నుండి ఇది లభిస్తుంది. ఇక రోజుకు 400 మైక్రోగ్రాములు దాటరాదని అదే అమెరికా ప్రమాణం చెబుతుంది. అంటే అవసరానికీ ప్రమాదానికీ మధ్య ఎనిమిది రెట్ల ఎడం కూడా లేదు. యూరోపియను ఆహార భద్రతా సంస్థ 2023లో ఈ పరిమితిని 255కు తగ్గించింది. బ్రెజిలు గింజలు 28 గ్రాములు, అనగా ఆరు నుండి ఎనిమిది గింజలు తింటేనే 500 మైక్రోగ్రాములు దాటవచ్చు.

మోతాదు మించితే ఏమవుతుందో చైనాలోనే హూబే రాష్ట్రపు ఎన్షి ప్రాంతంలో కనిపించింది. అక్కడ 1960ల ఆరంభంలో సెలీనియం అధికంగా గల బొగ్గు పొరల నుండి నేలలోకీ, పంటలోకీ అది చేరి, జనానికి జుట్టు, గోళ్ళు ఊడిపోయాయి. సెలీనియం ఎక్కువైనవారి ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. ఒకే దేశంలో ఒక మూల లోపంతో పిల్లలు చనిపోవడం, మరొక మూల ఎక్కువై విషం కావడం ఈ మూలకపు స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. మన దేశంలో పంజాబు రాష్ట్రపు నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాలలో సెలీనియం మితిమీరిన పొలాలు ఉన్నాయి.

ఫిన్లాండ్‌లో నేలలు సెలీనియం లేమితో ఉండడం వలన 1984లో ప్రభుత్వం ఎరువులలోనే దానిని కలపాలని నిర్ణయించింది. దానితో ధాన్యం, పాలు, మాంసం ద్వారా ప్రజలందరికీ అది అందింది. ఇది విజయవంతమైన పద్ధతిగా పేరు పొందింది. మాత్రల సంగతి వేరు. 1996లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో సెలీనియం తీసుకొన్నవారికి కొన్ని క్యాన్సర్లు తగ్గినట్లు కనిపించడంతో మాత్రల అమ్మకం జోరందుకొంది. దానిని నిర్ధారించడానికి 35,533 మంది పురుషులతో 2001లో సెలెక్ట్ అనే పెద్ద పరిశోధన మొదలుపెట్టి, రోజుకు 200 మైక్రోగ్రాములు ఇచ్చి చూశారు. ప్రోస్టేట్ క్యాన్సరు నివారణలో ప్రయోజనం లేదని తేలి 2008లో మాత్రలు ఆపివేశారు. అప్పటికే దేహంలో సెలీనియం తగినంత ఉన్నవారికి అదనపు మోతాదు వలన తీవ్రమైన ప్రోస్టేట్ క్యాన్సరు ముప్పు పెరిగినట్లు 2014లో వెలువడిన విశ్లేషణ చూపింది. లోపం ఉన్న ప్రాంతాలలో ప్రాణాలు నిలిపిన పదార్థం లోపం లేనివారికి మేలు చేస్తుందన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు.

స్మారకాలు

స్టాక్‌హోం నడిబొడ్డున ఒక ఉద్యానవనానికి బెర్జీలియస్ పేరు పెట్టి, 1858లో అక్కడ విగ్రహం నెలకొల్పారు. స్వీడన్ లోని స్క్రికెరుం గనిలో దొరికిన రెండు సెలీనియం ఖనిజాలు కూడా ఈయన కథతో ముడిపడినవే. సరిగ్గా సెలీనియంను కనుగొన్న అదనులోనే చేతికి చిక్కినదని ఒకదానికి తగిన సమయం అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుండి యూకైరైట్ అని బెర్జీలియసే పేరు పెట్టాడు. రాగి, సెలీనియం కలిసిన రెండవ దానికి తరువాతివారు బెర్జీలియనైట్ అని పేరు పెట్టారు.